గోదారి మట్టి ఎటు పోయింది?

జూలై సగం దాటితే చాలు, గోదావరి జిల్లాల్లో అందరి నోటా అంకెలే. భద్రాచలంలో నీటిమట్టం ఎన్ని అడుగులకు చేరింది, ధవళేశ్వరంలో ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. 10 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. వరద తీశాక మరో అంకె బయటికొస్తుంది. ఈ ఏడు ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయని. అసెంబ్లీలోనైనా, ఎన్నికల సభలోనైనా ఆ మాట వెనక ఒక నిట్టూర్పు తప్పకుండా ఉంటుంది.

నీటికి ఇంత లెక్క ఉన్న నదిలో, ఆ నీరు మోసుకొచ్చే మట్టికి మాత్రం ఖాతా లేదు. వరద గోదారి ఎర్రబడేది ఆ మట్టితోనే. కోనసీమ కొబ్బరితోటలు, లంక పొగాకు చేలు, కోరంగి మడ అడవులు నిలబడిందీ దాని మీదే. రెండు వందల ఏళ్ల డెల్టా చరిత్రను నీటి వైపు నుంచి చాలామందే చెప్పారు. అదే కథను ఒండ్రు వైపు నుంచి చదివితే, కోరంగి రేవు ఎందుకు మూతపడిందో, అంతర్వేది, ఉప్పాడ తీరాలు ఎందుకు కోసుకుపోతున్నాయో ఒకే వరుసలో కనిపిస్తాయి.

మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే దేశం మొత్తం మీద దాదాపు పదో వంతు నేల మీద కురిసిన వాన దీనిలోకి చేరుతుంది. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తలా కొంత మట్టిని తెచ్చి ఈ నీళ్లలో కలుపుతాయి. పాపికొండల ఇరుకు దాటగానే నది వేగం తగ్గి, రాజమండ్రి దగ్గర విశాలంగా పరుచుకుంటుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. నెమ్మదించిన నీరు మట్టిని మోయలేక వదిలేస్తుంది. అలా వేల ఏళ్లపాటు వదిలిన మట్టితో సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల డెల్టా తయారైంది.

ఈ నేల ఎలా పెరిగిందో కోనసీమలో నడిచి చూస్తే తెలుస్తుంది. సముద్రానికి చాలా ఎడంగా, లోపలి ఊళ్లలో కూడా తీరానికి సమాంతరంగా ఇసుక మెరకలు సాగుతుంటాయి. ఒక్కో మెరకా ఒకప్పటి సముద్రపు ఒడ్డే. మెరకల మీద ఇళ్లు, కొబ్బరిచెట్లు ఉంటాయి. మధ్య పల్లంలో వరిచేలు ఉంటాయి. నది ముందుకు జరిగిన కొద్దీ కడలి వెనక్కి తగ్గింది. ఏటేటా పుట్టింటి నుంచి వచ్చే సారెలా, పై దేశాల మట్టి ఈ తీరానికి క్రమం తప్పకుండా చేరుతూ వచ్చింది.

అయితే ఆ మట్టి అందరికీ మేలే చేయలేదు. పద్ధెనిమిదో శతాబ్దం చివర కోరంగి ఈ తీరంలో పేరున్న రేవు. ఓడలు కట్టే వాళ్లు, మరమ్మతు చేసే వాళ్లు అక్కడ బతికేవారు. 1802లో ఓడల మరమ్మతుకు డాక్ కూడా కట్టారు. దగ్గరలోనే యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లిషువాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు కొట్లు పెట్టుకుని గోదావరి జిల్లా నేత బట్టను సముద్రం దాటించేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన కోరంగిని ముంచేసింది. చరిత్ర పుస్తకాలు ఈ రెండు ఉప్పెనలనే గుర్తుపెట్టుకున్నాయి. రేవు మళ్లీ లేవలేకపోవడానికి మరో కారణం ఉంది. గౌతమి పాయలు తెచ్చిన ఒండ్రు మొగను పూడ్చేసింది. పెద్ద ఓడలు లోపలికి రాలేక కాకినాడ వైపు మళ్లాయి. అయినా కోరంగి పేరు సముద్రం అవతల నిలిచింది. రంగూన్ రేవుల్లో, వరి మిల్లుల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు.

రేవును పూడ్చిన ఆ మట్టే కాకినాడకు అడ్డుగోడ కట్టింది. గోదావరి మొగ దగ్గర పడిన ఇసుకను సముద్రపు ప్రవాహం ఉత్తరానికి నెట్టుకుపోయి, రెండు శతాబ్దాల్లో సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక సన్నటి దిబ్బను పరిచింది. అదే హోప్ ఐలాండ్. బంగాళాఖాతం అలలను అడ్డుకుని కాకినాడ అఖాతాన్ని ప్రశాంతంగా ఉంచేది ఈ దిబ్బే. కాకినాడ ఓడరేవుకు ప్రకృతి కట్టిన ఈ గోడకు ఏ ఇంజనీరూ ఎస్టిమేటు వేయలేదు.

1832-33 నాటికి ఈ జిల్లాల పరిస్థితి వేరు. నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. గోదావరి మండలం కూడా ఆ దెబ్బ తిన్నది. కళ్లెదుట నది నిండుగా పారుతుంటే ఒడ్డున జనం ఆకలితో చనిపోయారు. మరుసటి దశాబ్దంలో వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్, కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన అనుభవంతో, 1844లో, 1845లో ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్య లంకలను కలుపుకుంటూ ఆనకట్ట నిలిచింది. ధవళేశ్వరం కొండ రాయిచ్చింది. కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పేరు ఇప్పటికీ ఆ ప్రాంతంలో వినిపిస్తుంది. కాలువల వెంట వరి పండింది, పడవలు తిరిగాయి, జనం పెరిగారు. పుష్కరాల్లో కాటన్ దొరకు పిండం పెట్టే వాళ్లు నేటికీ ఉన్నారంటే ఆ కృతజ్ఞత ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఒండ్రు కథలో మాత్రం కాటన్ ఆనకట్ట ఇప్పుడు చాలామంది అనుకునే దోషి కాదు. అది ఎత్తు తక్కువ గోడ. వేసవి నీటిని నిలిపి కాలువల్లోకి తిప్పడం దాని పని. వరద వచ్చినప్పుడు గోదారి దాని మీద నుంచి దూకి పోయేది, మట్టీ దానితోపాటే పోయేది. ఇసుక మేట వేయకుండా కొట్టుకుపోవడానికి అడుగున తూములూ ఉండేవి. కాలువల్లోకి మళ్లిన నీటితో కొంత ఒండ్రు చేలకు చేరింది, మిగిలింది సముద్రానికి వెళ్లింది. 1852 తర్వాత వంద ఏళ్లు డెల్టా పెరుగుతూనే ఉంది.

అప్పుడు దారి మూసుకుపోయింది చేపకు. ఎర్రనీరు సముద్రంలో కలవగానే ఇలస చేప ఎదురీదుకుంటూ నదిలోకొస్తుంది, తీపి నీటిలో గుడ్లు పెట్టడానికి. సముద్రంలో అది విలస, గోదారి ఎక్కాక పులస. కాటన్ ఆనకట్ట కట్టిన ఇరవై ఏళ్లకే, దేశంలోని మంచినీటి చేపల మీద 1873లో వచ్చిన నివేదికలో ఫ్రాన్సిస్ డే అనే అధికారి ఆనకట్టలు వలస చేపల దారి మూస్తున్నాయని రాశాడు. వినేవాళ్లు లేరు. 1970 నుంచి 1982 వరకు పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 గేట్లు. పులస ప్రయాణం ఇక అక్కడితో సరి. దిగువన మిగిలిన పాయల్లోనే వలలు పడాలి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఇప్పుడు ధర గురించి చెప్పే నిజంగా మారింది. యానాం వేలంలో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటి పలికిన సందర్భాలున్నాయి. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన ఇలస గోదారి పులస పేరుతో అమ్ముడుపోతోంది.

మట్టిని అసలు పట్టి ఉంచింది పైన కట్టిన జలాశయాలు. వాటిలో పాతది, లెక్క దొరికేది నిజాంసాగర్. హైదరాబాద్ సంస్థానంలో అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923 నుంచి 1931 వరకు మంజీర మీద దాన్ని కట్టారు. మొదట్లో దాని నిల్వ సామర్థ్యం 30 టీఎంసీలకు కాస్త తక్కువ. 1970ల్లో కొలిస్తే 12 కూడా లేదు. నాలుగు దశాబ్దాల్లో చెరువు సగానికి పైగా మట్టితో నిండింది. గేట్ల దగ్గర నీటిమట్టం పెంచి 17.8కి తెచ్చుకున్నారు తప్ప, మట్టిని తీయలేదు. 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, అదే శ్రీరాంసాగర్, మరో ఉదాహరణ. అనుకున్న సామర్థ్యం 112 టీఎంసీలు. 1990ల సర్వేలో 90కి దిగింది. ఇటీవలి సర్వేలో 80 దగ్గరికొచ్చింది. పైన పైఠణ్ దగ్గర జాయక్‌వాడి 1976 నుంచి నీటితో పాటు మట్టినీ ఆపుతోంది. నిజామాబాద్ రైతు ఆ పూడికను తన ఆయకట్టుకు నష్టంగా చూస్తాడు. అంతర్వేది మత్స్యకారుడికి అది తన ఊరి నేల. ఇద్దరూ పోగొట్టుకున్నది ఒకే మట్టి.

ఈ నష్టం ఎంతో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. 1971-79 మధ్య గోదావరి డెల్టాకు చేరిన ఒండ్రు 15 కోట్ల టన్నులు. 1990-98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా తగ్గింది. అదే కాలానికి సరిపోయేలా 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూస్తే, డెల్టా ముందు భాగంలో 1,836 హెక్టార్ల నేల నికరంగా కడలిలో కలిసిపోయింది. 2009లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన వ్యాసం వచ్చింది. కుంగుతున్న డెల్టాల జాబితాలో గోదావరి, కృష్ణ రెండూ ఉన్నాయి.

కృష్ణతో పోలిస్తే గోదావరిది విచిత్రమైన పరిస్థితి. కృష్ణలో నీరే కరువు. గోదావరిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నీళ్లు ఏటా వస్తూనే ఉన్నాయి. 1986 ఆగస్టు 16న భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారాయి. ఏటిగట్లు తెగి లంకలు మునిగాయి. 2022 జూలైలో మళ్లీ భద్రాచలం 71 అడుగులు దాటింది. అంటే వరద బలం తగ్గలేదు. ఆ బలంతో రావాల్సిన సరుకు తగ్గింది. మట్టి తక్కువగా ఉన్న నీరు ఆకలి మీదుంటుంది, ఒడ్లను కోసుకుంటుంది. లంక గ్రామాల్లో కొబ్బరిచెట్లు వరుసగా ఏట్లోకి ఒరిగిపోవడం వెనక ఈ కారణం కూడా ఉంది.

తీరంలో దీని రూపం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వసిష్ఠ కలిసే అంతర్వేదిలో పోటు సమయంలో అలలు ఊరి దిక్కుగా పాకుతున్నాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ మత్స్యకారుల పేటలు తరానికోసారి వెనక్కి జరిగాయి. ఇక్కడ మరో చిక్కుంది. హోప్ ఐలాండ్ దిబ్బ, ఓడరేవు కోసం తవ్వే కాలువ ఉత్తరానికి పోయే ఇసుకను దారిలోనే ఆపేస్తాయి. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన భారీ జియోట్యూబులతో ఉప్పాడలో గోడ కట్టారు. కొన్నేళ్లకే అది చిరిగి, కూలి, తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ-ఉప్పాడ రోడ్డు తెగిపోతూనే ఉంది.

కోరంగి వైపు కథలో కొంత ఊరట ఉంది. 1978లో 235 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. మడ, తిల్ల చెట్ల వేళ్లు కొద్దిపాటి ఒండ్రునైనా పట్టి ఉంచుతాయి. నీటి పిల్లికి ఇదొక ముఖ్యమైన నెలవు. నరికిన చోట మళ్లీ మడ మొలవాలంటే పోటునీరు లోపలికి రావాలని గ్రహించి, 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, తీర గ్రామాల సమితులు కలిసి పాయల్లాంటి చిన్న కాలువలు తవ్వి మొక్కలు నాటించాయి.

ఇక లోపలి చేలకు వస్తే, ఉప్పు సమస్య. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఈ జిల్లాలను ఊపేసింది. ఎకరానికి వచ్చే డబ్బు చూసి వరిచేలు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో వాణిజ్య రొయ్యల చెరువులను అనుమతించరాదని తీర్పిచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి ఆ రంగానికి మళ్లీ దారిచ్చింది. 2009 తర్వాత వనామీ రాకతో చెరువులు విస్తరించాయి. చెరువు ఉప్పునీరు, వేసవిలో మొగల నుంచి తన్నుకొచ్చే సముద్రపు నీరు కలిసి పక్క చేలను చౌడు పట్టిస్తున్నాయి. మురుగు కాలువల మొగలు ఇసుకతో మూసుకుపోయి వాననీరు కదలక తొలకరి వరి కుళ్లడం మరో బాధ. 2011లో కోనసీమ రైతులు సాగు విరమణ ప్రకటించినప్పుడు వాళ్ల ఫిర్యాదుల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు సమస్యా ఉంది.

ఒండ్రు తగ్గినా నది అడుగున మిగిలిన ఇసుకకు మరో గిరాకీ పుట్టింది. ఒకప్పుడు పడవ వాళ్లు నదిలో మునిగి బకెట్లతో ఇసుక తోడి ర్యాంపులకు చేర్చేవారు. బోట్స్‌మెన్ సొసైటీలు దానిపైనే బతికేవి. హైదరాబాద్, విశాఖ భవనాలు ఆకాశానికి ఎదిగిన కొద్దీ పొక్లెయిన్లు, డ్రెడ్జర్లు వచ్చాయి. 2016లో ఉచిత ఇసుక విధానం, తర్వాత కొత్త ప్రభుత్వం కొత్త విధానం, 2019 చివర్లో ఇసుక దొరక్క భవన కార్మికుల ఆకలి, 2024లో మళ్లీ ఉచిత ఇసుక. అదే 2019 ఏప్రిల్‌లో కృష్ణా, గోదావరుల్లో అక్రమ తవ్వకాలకు గాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 100 కోట్ల రూపాయలు జమ చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఏ విధానంలోనైనా వాదన ధర చుట్టూనే తిరిగింది. ఏడాదికి నది ఎంత ఇసుక తెస్తోంది, అందులో ఎంత తీస్తే తీరం తట్టుకుంటుంది అన్న లెక్క ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చోటు చేసుకోలేదు.

కాలుష్యం సంగతి అందరికీ తెలిసిందే. నాసిక్ ఘాట్ల మురుగు నుంచి రాజమండ్రిలో నల్లా ఛానల్ తెచ్చి కలిపే నీటి వరకు, పుష్కరాలు దగ్గరపడినప్పుడల్లా దాని మీద చర్చ నడుస్తుంది. మురుగు కళ్లకు కనబడుతుంది, ముక్కుకు తగులుతుంది. అందుకే దాని మీద కమిటీలు పడతాయి. ఒండ్రు తగ్గడం ఒడ్డు కూలే దాకా ఎవరికీ కనబడదు.

నదుల న్యాయస్థానాలు కూడా మట్టిని పట్టించుకోలేదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో గోదావరిపై తుది తీర్పిచ్చింది. ఏ ఉపనది నుంచి ఎవరికి ఎంత నీరో అందులో ఉంది. రాష్ట్ర విభజన చట్టంతో 2014లో వచ్చిన గోదావరి నది యాజమాన్య బోర్డు చేతికీ నీటి పంపకాలే వచ్చాయి. దిగువకు ఏటా కనీసం ఎంత ఒండ్రు వెళ్లాలన్న షరతు ఈ పత్రాల్లో ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు ధవళేశ్వరానికి ఎగువన, దగ్గరలోనే, పోలవరం లేస్తోంది. 1981లో శంకుస్థాపన జరిగి, 2014లో జాతీయ ప్రాజెక్టు అయిన ఈ జలాశయం సామర్థ్యం 194.6 టీఎంసీలు. స్పిల్‌వే 48 గేట్లతో సిద్ధమైంది. 2020 వరదలో దెబ్బతిన్న డయాఫ్రం వాల్ స్థానంలో కొత్తదాన్ని 2025లో మొదలుపెట్టారు. ప్రధాన కట్ట ఇంకా పూర్తి కావాల్సి ఉంది. ఇంతకాలం శబరి, ఇంద్రావతి తెచ్చిన మట్టి పైన ఎక్కడా పెద్దగా ఆగకుండా వచ్చేది కాబట్టే డెల్టాకు ఆ మిగిలిన 5.7 కోట్ల టన్నులైనా దక్కాయి. ఆ ఉపనదులన్నిటికీ దిగువన కడుతున్న మొదటి పెద్ద జలాశయం ఇదే.

అలాగని మట్టిని దాటించడం అసాధ్యమేమీ కాదు. చైనాలో పసుపు నది మీది షియావోలాంగ్‌డి జలాశయం నుంచి 2002 జూలైలో మొదటిసారి ప్రయోగాత్మకంగా నీటిని ఉధృతంగా వదిలి అడుగు ఒండ్రును దిగువకు తోశారు. ఆ పద్ధతి తర్వాత కొనసాగింది. పోలవరం స్పిల్‌వేలోనూ అడుగు తూములున్నాయి. వాటిని ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో చెప్పే నిర్వహణ నియమాలు రాయాల్సింది ఇప్పుడే. జూన్ చివరి వారం నుంచి జూలై మొదటి ఎర్రనీటి దాకా గేట్లు దించకుండా ఉంచి ఆ మట్టిని పోనివ్వాలా, లేక మొదటి చుక్క నుంచే నిల్వ మొదలెట్టాలా అన్న ఒక్క నిర్ణయం మీద రాబోయే యాభై ఏళ్లలో అంతర్వేది, ఉప్పాడ తీరాల రూపురేఖలు ఆధారపడతాయి.